మేడ మీద గోనె తాత

మీరు నన్ను ఇప్పుడు చూస్తే గౌరవంగానే పలకరిస్తారు. కళ్లజోడు వచ్చింది, జుట్టు నెరిసింది, ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చుంటాను. పిల్లల పెంపకం గురించి ఎవరైనా సలహా అడిగితే గొంతు సవరించుకుని మరీ చెప్తాను. ఇప్పుడు నేను చెప్పబోయేది విన్నాక ఆ గౌరవం ఏమైపోతుందో నాకు తెలుసు. అయినా చెప్తాను. ఒక మంచి మనిషిని, మాకు ఇల్లు అద్దెకిచ్చిన పాపానికి, నెల తిరక్కుండా పిల్లల పాలిట రాక్షసుణ్ణి చేసి పెట్టాను. పైగా అది ఆయన మేలు కోరే చేశాను. తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

సెల్‌ఫోన్లకి ఇన్‌కమింగ్ ఉచితమైన కొత్తలు. మేం అనకాపల్లి గవరపాలెంలో ఒక మేడ ఇంట్లో కింది వాటా అద్దెకి తీసుకుని ఉండేవాళ్లం. మా ఆయన ఒక ప్రైవేటు కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటు. నేను పెళ్లికి ముందు నుంచీ నర్సరీ పిల్లలకి టీచర్ని. మా స్వీటీ పుట్టాక, దాన్ని ఎక్కడ వదిలి వెళ్లాలో తెలియక ఉద్యోగం మానేశాను. అది మానేసిన దగ్గర్నుంచి నెలాఖరు వారం మా ఇంట్లో చారు మెతుకులే. స్వీటీకి నాలుగో ఏడు వచ్చేసరికి ఒక సంగతి తెలిసింది. పిల్లల్ని ఎక్కడ వదలాలో తెలియని తల్లులు మా వీధిలో ఇంకా ఉన్నారు.

"కరుణా, నువ్వెలాగూ ఇంట్లోనే ఉంటన్నావు కదా. నేను డ్యూటీకెళ్లినంతసేపు మా చిన్నాగాణ్ణి కూడా సూడు. ఊరికే వద్దులే, ఎంతో కొంత ఇత్తాను" అంది విజయ. విజయ ఆసుపత్రిలో నర్సు, చర్చిలో నా పక్కన పాటలు పాడే మనిషి. ఆమెను చూసి, బ్యాంకులో పనిచేసే ఆవిడతో కలిపి ఇంకో ముగ్గురు అడిగారు. అలా మా స్వీటీతో కలిపి ఐదుగురు పిల్లలు పోగయ్యారు. గోడకి ఏనుగు బొమ్మ, చిలక బొమ్మ అతికించాను. ఇంక ఇంటి ఓనరు గారికి చెప్పడమే మిగిలింది.

ఓనరు గారి పేరు అప్పలనాయుడు గారు. బెల్లం మార్కెట్లో కమీషను కొట్టు ఉండేది. దాన్ని తమ్ముడి కొడుక్కి అప్పజెప్పినా, పొద్దున్నే వెళ్లి ఒక చూపు చూడనిదే ఆయనకి కాఫీ దిగేది కాదు. నిలువెత్తు మనిషి, పెద్ద గొంతు, చెంపల దాకా పాకిన మీసం. భుజం మీద ఎప్పుడూ ఒక గోనెసంచి. మార్కెట్ నుంచి కూరగాయలైనా, చీడికాడ దగ్గర పొలం నుంచి చెరుకు ముక్కలైనా ఆ గోనెలోనే వచ్చేవి. మధ్యాహ్నం భోంచేసి మేడ మీద వరండాలో పడుకునేవారు. మేం ఆయన్ని బాబాయి గారనీ, ఆయన భార్యని పిన్ని గారనీ పిలిచేవాళ్లం. ఇంట్లో వాళ్లిద్దరే. పిల్లలు లేరు.

ఆయన్ని చూస్తే నాకు భయమేం లేదు, మా పాలామె ఆ మాట అనేదాకా. "మీకు ముందు ఇక్కడ ట్యూషను మాస్టారు ఉండేవోరు. ఖాళీ సేసి ఎల్లిపోనారు కదా. మరేటి, అంతమంది పిల్లల గోలంటే ఎవలు పడతారు" అంది. ఆ మాట నాకు నిద్ర లేకుండా చేసింది. ఈ ఇల్లు పోతే పిల్లలూ పోతారు. పిల్లలున్నవాళ్లకే ఇల్లివ్వడానికి జనం మొహం ముడుచుకుంటారు, వీధిలో పిల్లల్ని కూడా పోగేసుకునేదానికి ఎవరిస్తారు?

"ఎల్లి ఉన్నదున్నట్టు సెప్పెయ్. అందులో ఏటుంది" అన్నారు మా ఆయన. ఆయన అన్నట్టు చేస్తే అయిపోయేది. కానీ నేను టీచర్ని కదా, ఒక ప్రసంగం తయారు చేసుకున్నాను.

మర్నాడు సాయంత్రం మేడ ఎక్కేసరికి బాబాయి గారు పడక్కుర్చీలో కాళ్లు చాపుకుని ఉన్నారు. పిన్ని గారు చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు.

"ఏటమ్మా కరుణమ్మా, పంపు పాడయిపోనాదా?" అన్నారు ఆయన.

"కాదండి బాబాయి గారూ. మీకొక మనవి చేసుకుందామని వచ్చాను."

మనవి అన్న మాట వినగానే ఆయన కంగారుగా కాళ్లు కిందికి దించి చొక్కా కోసం చూశారు.

"కింద ఒక చిన్న డే కేర్ పెడదామనుకుంటన్నానండి. తల్లులు డ్యూటీకెళ్తే సాయంత్రం దాకా పిల్లల్ని నేను చూస్తాను."

"ఓస్, గుంటల్ని ఆడించడవా? దానికి మళ్లీ పేరొకటి పెట్టేరేటి?" అని ఆయన నవ్వి మళ్లీ కాళ్లు చాపుకున్నారు.

చదివేవాళ్లు గమనించండి. పని అయిపోయింది. నేను ఒక నమస్కారం పెట్టి మెట్లు దిగిపోవాలి. కానీ ప్రసంగం ఇంకా లోపలే ఉండిపోయింది, అది బయటికి రాకపోతే నాకు అజీర్తి చేసేలా ఉంది.

"మీ నిద్రకి ఏమాత్రం ఇబ్బంది రాదండి. గోడ మీద గీత పడదు. పిన్ని గారి కనకాంబరాల ఆకు తెగదు. అసలు కింద పిల్లలున్నట్టు కూడా మీకు తెలియదు."

"తెలవకపోతే ఎలాగమ్మా? గుంటలన్నాక ఏడుత్తారు."

"మా దగ్గర ఏడవరండి."

"ఏడవరా?"

"ఏడవరండి. నేను ట్రైనింగు ఇస్తాను."

ఆయన పిన్ని గారి వంక చూశారు. "ఏడవని గుంటలంట. ఈవిడికి ఎక్కడ దొరికేరో" అన్నారు. ఆవిడ ఈనె తీయడం ఆపి నన్ను ఎగాదిగా చూశారు. ఆఖరికి ఆయన, "సరే, సూద్దాం" అన్నారు.

ఆ "సూద్దాం" నాకు ఇల్లు ఖాళీ చెయ్యమన్న నోటీసులా వినపడింది. కిందకి వచ్చి మా ఆయనతో, "పిల్లలు ఏడిస్తే ఖాళీ చేయిస్తారట" అన్నాను.

"అలాగన్నారా?"

"అనలేదు. అన్నట్టు చూశారు."

మొదటి వారం ఎలా గడిచిందో చెప్పక్కర్లేదు. పిల్లలు నా ట్రైనింగుని చంక నాకించేశారు. విజయ కొడుకు చిన్నాగాడికి మూడేళ్లు. తల్లి గేటు దాటగానే నోరు తెరిచేవాడు. తుమ్మపాల పంచదార ఫ్యాక్టరీ సైరనైనా కాసేపు మోగి ఆగుతుంది, వాడు ఆగేవాడు కాదు. వాణ్ణి చూసి మిగతావాళ్లు అందుకునేవారు. నేను కిటికీలు మూసేదాన్ని, ఫ్యాను పెద్దది చేసేదాన్ని, టేప్ రికార్డర్లో కీర్తనలు పెట్టేదాన్ని. మధ్యమధ్యలో పైకప్పు వంక చూసేదాన్ని. పైన మంచం కిర్రుమంటే నా గుండె కూడా కిర్రుమనేది.

ఒకరోజు ఎంత బుజ్జగించినా చిన్నాగాడు ఊరుకోకపోతే, "ఏడిస్తే బూచోడొస్తాడు" అన్నాను. నన్ను మరీ అలా చూడకండి. మీ చిన్నప్పుడు మిమ్మల్నీ ఎవరో ఒకరు బూచోడికి ఇచ్చేస్తామని అనే ఉంటారు. పెద్దవాళ్లందరూ చేసే పనే. కానీ వాళ్ల బూచోడికి ఊరూ పేరూ ఉండవు. ఆ తెలివి నాకు లేకపోయింది.

చిన్నాగాడు ఏడుపు కాస్త ఆపి, "ఎక్కడుంటాడు?" అని అడిగాడు.

"మేడ మీద" అన్నాను. నోటికొచ్చింది.

సరిగ్గా అప్పుడే గేటు తీసిన చప్పుడయింది. అప్పలనాయుడు బాబాయి గారు తలకి తువ్వాలు చుట్టుకుని, మీసం మీద చెమట తుడుచుకుంటూ, భుజాన గోనెతో లోపలికి వస్తున్నారు. ఆ గోనె కదులుతోంది. ఆదివారం కూరకని నాటుకోడిని అందులో పెట్టుకొచ్చారు. అది లోపలి నుంచి తన్నుకుంటూ కుయ్యోమంటోంది. ఐదుగురు పిల్లలూ కిటికీ ఊచలు పట్టుకుని ఊపిరి బిగబట్టి చూశారు.

"లోపలెవలు?" అన్నాడు చిన్నాగాడు గుసగుసగా.

ఆ క్షణంలో నిజం చెప్పడానికి నాకు ఒక మాట చాలు. కోడి. రెండక్షరాలు. కానీ ఇల్లంతా వారం రోజుల్లో మొదటిసారి నిశ్శబ్దంగా ఉంది, ఆ నిశ్శబ్దం ఎంత కమ్మగా ఉందంటే, నేను వాడి చెవిలో, "నిన్న ఏడిచిన పిల్లోడు" అన్నాను.

"ఏసుకెళ్లి ఏటి సేత్తాడు?" అని అడిగింది మా స్వీటీ. ఆ పిల్లకి ఏ సంగతైనా చివరిదాకా తెలియాలి.

"బెల్లం వండే పెనంలో వేస్తాడు" అన్నాను.

ఈ ఊళ్లో చెరుకు తోటల పక్కన కాగే బెల్లం పెనాన్ని చూడని పిల్లలుండరు. కుతకుతా ఉడుకుతూ, పొగలు కక్కుతూ, చిన్న గది అంత ఉంటుంది. ఇంక వాళ్లకి నేను వివరించాల్సింది ఏమీ లేకపోయింది. ఆ ఒక్క మాట వెనక్కి తీసుకోవడానికి ఇప్పుడు నేను ఏదైనా ఇస్తాను.

ఆ రోజు నుంచి మా డే కేర్ చర్చిలో మౌనప్రార్థన లాగా నడిచింది. ఎవరి మూతి వంకర తిరిగినా "గోనె తాత" అంటే చాలు, మూతి తిన్నగా అయిపోయేది. ఆయన కిర్రు చెప్పుల చప్పుడు మెట్ల మీద వినపడితే ఐదుగురూ బొమ్మలు వదిలేసి చేతులు కట్టుకునేవారు. వారమంతా ఈ అబద్ధం ఆడేదాన్ని, ఆదివారం సండే స్కూల్లో పిల్లల చేత "అబద్ధమాడరాదు" అని వల్లె వేయించేదాన్ని. ఈ రెండూ ఒకే నోటితో చేశాను.

మా ఆయనకి గొప్పగా చెప్పుకున్నాను. ఆయన ముందు పడీపడీ నవ్వారు. తరవాత, "పాపం, పెద్దాయన. తెలిత్తే బాగోదే" అన్నారు. "ఆయన నిద్ర కోసమే కదా చేస్తున్నాను" అన్నాను. నిజంగానే అలా నమ్మాను.

తల్లులు నన్ను మెచ్చుకోవడం మొదలుపెట్టారు. విజయ ఒక్కతే ఒకరోజు కొంచెం బెంగగా, "కరుణా, మావోడు పరవాణ్ణం ముట్టుకోటం లేదు. బెల్లం ముక్క సూపిత్తే మంచం కిందకి దూరిపోతన్నాడు. ఏటంటావు?" అంది. అనకాపల్లిలో పుట్టిన పిల్లవాడు బెల్లాన్ని చూసి మంచం కిందకి దూరడమంటే మామూలు సంగతా?

"పళ్లకి మంచిది కాదని నేనే చెప్పాను విజయా" అన్నాను.

"అబ్బ, ఎంత బాగా సెప్పేవే" అని నా చెయ్యి నొక్కింది. నేను ఆ మెచ్చుకోలు కూడా పుచ్చేసుకున్నాను.

ఇక బాబాయి గారి సంగతి. ఆయన వస్తూ పోతూ మా గుమ్మం దగ్గర ఆగేవారు. "ఏరా గుంటడా, నీ పేరేటి?" అంటూ చాక్లెట్టు చాపేవారు. పిల్లలు తలుపు చాటుకి పోయి గోడకి అంటుకుపోయేవారు. ఆయన నవ్వేసి, చాక్లెట్టు గుమ్మం మీద పెట్టి వెళ్లిపోయేవారు. నాలుగు రోజులు పోయాక నవ్వడం మానేశారు. ఇంకొన్నాళ్లకి మా గుమ్మం వైపు రాకుండా, దొడ్డివైపు నుంచి చుట్టు తిరిగి మెట్లెక్కడం మొదలుపెట్టారు. చూశారా, పిల్లల్ని ఇబ్బంది పెట్టకూడదని ఎంత పెద్దరికం, అనుకున్నాను నేను.

ఒకరోజు చూద్దును కదా, ఆయన మొహం మీద మీసం లేదు. ఏళ్ల తరబడి చెంపల దాకా పాకిన మీసం పోయి, అక్కడ తెల్లటి చర్మం గుడ్డులా మెరుస్తోంది.

"ఏటి బాబాయి గారూ, మొక్కు తీర్చుకున్నారా?" అన్నాను.

ఆయన పెదవి మీద చెయ్యి పెట్టుకుని, "ఆఁ, అలాంటిదేనమ్మా" అన్నారు. నా భుజం మీదుగా లోపల ఉన్న పిల్లల వంక ఆశగా చూశారు. పిల్లలు ఆ బోసి మొహం చూసి ఇంకా హడలిపోయారు. ఆయన వెళ్లాక స్వీటీ, "అమ్మా, మీసం ఏదే?" అంది. దానికి నేనేమన్నానో రాయడానికి చెయ్యి రావడం లేదు. "మనం గుర్తు పట్టకుండా తీసేశాడు" అన్నాను.

మధ్యలో ఒకసారి పిన్ని గారు పై నుంచి వంగి, "కింద గుంటలున్నారేటమ్మా? సప్పుడే లేదు" అన్నారు. "మాటిచ్చాను కదండీ పిన్ని గారూ" అని రొమ్ము విరుచుకున్నాను. ఆవిడ నన్ను అదోలా చూసి లోపలికి వెళ్లిపోయారు. అది మెచ్చుకోలు అనుకుని మురిసిపోయాను.

ఇంక ఆ మధ్యాహ్నం. విజయ డ్యూటీ తొందరగా దిగి కొడుకుని తీసుకెళ్లడానికి వచ్చి, నేనిచ్చిన టీ తాగుతోంది. పిల్లలు గుండ్రంగా కూర్చుని చప్పుడు లేకుండా రంగులేస్తున్నారు. "నీ సేతిలో ఏదో మహత్యం ఉందే కరుణా" అంటోంది విజయ. అప్పుడే మెట్ల మీద కిర్రు చెప్పులు వినపడ్డాయి. ఈసారి దొడ్డివైపు పోలేదు. తిన్నగా మా గుమ్మంలోకి వచ్చి ఆగాయి.

బాబాయి గారు పెళ్లికి వెళ్తున్నట్టు తెల్లచొక్కా వేసుకున్నారు. తల దువ్వి నూనె రాశారు. వెనక పిన్ని గారు. ఆయన భుజం మీద గోనె, నిండుగా.

"పడుకున్నారేమో అనుకున్నాను. మెలకువగానే ఉన్నారే" అంటూ ఆయన లోపలికి వచ్చి, గది మధ్యలో గోనె దించి, మూతి విప్పి, రెండు చేతులతో వెడల్పుగా తెరిచారు. "రండర్రా, ఒకలొకలే రండి" అన్నారు.

ఆ తరవాత ఏం జరిగిందో నేను వరసగా చెప్పలేను, ఎందుకంటే అన్నీ ఒకేసారి జరిగాయి. చిన్నాగాడు నెల రోజులుగా దాచుకున్న ఏడుపంతా ఒక్క ఊపులో వదిలాడు. బ్యాంకు ఆవిడ కూతురు మంచం కిందకి, ఇంకొకడు బియ్యం డబ్బా వెనక్కి. ఒక పిల్ల నిలబడ్డ చోటే నిక్కరు తడిపేసుకుంది. విజయ చేతిలో టీ ఆమె చీర మీదే ఒలికిపోయింది. మా స్వీటీ మాత్రం పారిపోలేదు. చేతులు కట్టుకుని బాబాయి గారి ముందుకి వెళ్లి నిలబడి, చిన్నాగాడి వైపు వేలు చూపించింది.

"తాతా, ఏడిచింది ఆడు. నేను ఏడవలేదు. ఆణ్ణి ఏసుకెళ్లిపో" అంది.

"ఏసుకెల్లడవేటే?" అన్నారు ఆయన, ఇంకా సగం నవ్వుతూనే.

"గోనెలో. పెనంలో ఏసి బెల్లం వండేత్తావు కదా."

"ఎవలమ్మా అలాగన్నది?"

"మా యమ్మ" అంది నా కన్న కూతురు. అంతటితో ఊరుకుందా? "మీసం తీసేసినా మేం గుర్తు పట్టేసేం" అని కూడా అంది.

బాబాయి గారు గోనె మూతి వదిలేశారు. అది పక్కకి వాలి, లోపలి నుంచి రబ్బరు బంతులు దొర్లాయి. వాటి వెనక మరమరాల ఉండలు, పాకం పట్టిన వేరుశెనగ అచ్చులు. అన్నీ బెల్లంతో చేసినవే. పిన్ని గారు రెండు రోజులు కూర్చుని చేశారట.

ఆయన వెళ్లి గుమ్మం మెట్టు మీద కూర్చున్నారు. బోసి పెదవి తడుముకుంటూ, "నా మొకవే బాగోలేదేమో అనుకున్నానమ్మా" అన్నారు. "మీసం సూసి జడుసుకుంటన్నారేమోనని తీసేసేను."

"పెళ్లిలో కూడా తియ్యనన్న మీసం" అన్నారు పిన్ని గారు. ఆవిడ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

నాకు తల కొట్టేసినట్టయింది. "బాబాయి గారూ, మీ నిద్ర చెడకూడదనండి. పిల్లలు ఏడిస్తే మీరు ఖాళీ చేయిస్తారని... ట్యూషను మాస్టార్ని చేయించారట కదా అని..." అంటూ నసిగాను.

"మాస్టారికి ఎలమంచిలిలో ఉద్యోగం వచ్చి ఎల్లేడు. ఎల్లొద్దు మాస్టారూ అని నేనే బతిమాలేను." ఆయన తల పట్టుకున్నారు. "నా నిద్ర గురించి నీకెవలు సెప్పేరమ్మా? నేను పుట్టిందగ్గర్నుంచి బెల్లం మార్కెట్లో పడుకున్నోణ్ణి. పక్కన వేలం పాట పాడతారు, బస్తాలు మోసే కలాసీలు అరుత్తారు, బళ్లు ఎల్తాయి. ఆ గోల్లో పడితేనే నాకు కునుకు. కొట్టు ఒగ్గేసి ఇంట్లో కూకున్న కాడ్నుంచి నిద్దర లేదు. కింద గుంటల్ని సూత్తానని నువ్వు సెప్పిన్నాడు మీ పిన్నితో అన్నాను, గోల సేత్తారు, ఇక నాకు నిద్దర పడతాదే అని. మొదటి వారం పట్టింది. తరవాత ఏటయిందో, సప్పుడు ఆగిపోనాది. గుంటలకి ఒంట్లో బాగోలేదేటో, సూసొద్దాం, కాసేపు ఆడిద్దాం అని ఇయన్నీ సేయించి అట్టుకొచ్చేను."

నేను ఏ నిద్రని కాపాడుతున్నాననుకున్నానో, ఆ నిద్రని నా చేతులతో నేనే పీక నులిమేశాను.

విజయ చీర దులుపుకుని లేచింది. "బెల్లం పెనంలో ఏసేత్తారని సెప్పేవా నా కొడుక్కి? పళ్లకి మంచిది కాదని నాకు సెప్పేవు." చిన్నాగాణ్ణి చంకనేసుకుంది. "రేపట్నుంచి పంపను. మిగిలినోళ్లకీ సెప్తాను."

ఆమె అన్నది న్యాయం. మా నెలాఖర్లు, గోడ మీద ఏనుగు, చిలక, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. అప్పుడు మెట్టు మీద కూర్చున్న మనిషే మాట్లాడారు.

"ఆగమ్మా. ఇలాగే తీసుకెల్లిపోతే గుంటడి భయం ఆడితోనే ఎల్తాది. రేపు నన్ను ఈదిలో సూసినా ఆడికి జొరవొచ్చేత్తాది. ముందు అది పోగొట్టనీ." నా వైపు తిరిగి, "నువ్వే సెప్పు ఆళ్లకి. అబద్ధం సెప్పేనని నీ నోటితో సెప్పు" అన్నారు.

నేను పిల్లల్ని మంచం కింద నుంచీ డబ్బా వెనక నుంచీ తీసి కూర్చోబెట్టాను. "తాత మంచివాడు. ఎవర్నీ వేసుకెళ్లడు. టీచరు అబద్ధం చెప్పింది" అన్నాను. ఒక్కరూ నమ్మలేదు. అబద్ధం చెప్పిన రోజు నిమిషంలో నమ్మేసిన పిల్లలు, నిజం చెప్తే నా మొహంలోకి అనుమానంగా చూశారు. ఆ చూపులు నేను ఇంకా మరిచిపోలేదు.

చిన్నాగాడు తల్లి చంకలోంచే గోనె వంక చూసి, "అయితే నువ్వెక్కు" అన్నాడు.

"ఏంటి నాన్నా?"

"గోనెలో నువ్వెక్కు. తాత ఏసుకెళ్లకపోతే, అప్పుడు నమ్ముతాను."

నేను బాబాయి గారి వంక చూశాను, వద్దంటారేమోనని. ఆయన గోనె దులిపి, నా ముందు నేల మీద పరిచి, మూతి తెరిచి పట్టుకున్నారు. "ఎక్కమ్మా" అన్నారు. ఆ గొంతులో జాలి ఉందో, కసి ఉందో నాకు తెలియలేదు. రెండూ ఉన్నా నాకు తగినవే.

నేనప్పటికి సన్నగా ఏం లేను. చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని, ఒక కాలు, తరవాత రెండో కాలు పెట్టాను. ఆయన గోనెని నా చంకల దాకా లాగి మూతి దగ్గరికి పట్టుకున్నారు. బెల్లం వాసన, కోడి వాసన ఒకేసారి కొట్టాయి. ఎదురుగా పిల్లలు, పిన్ని గారు, టీ మరకలతో విజయ. పిల్లలకి వద్దు వద్దన్న ఏడుపంతా అప్పుడు నాకు వచ్చింది. "నన్ను క్షమించండి బాబాయి గారూ" అన్నాను. ఆపుకోలేక వెక్కివెక్కి ఏడ్చాను.

సరిగ్గా ఆ సమయానికి మా ఆయన క్యారియరు ఊపుకుంటూ గుమ్మంలోకి వచ్చారు. గోనెలో నేను. దాని మూతి పట్టుకుని బాబాయి గారు. నా కళ్లంట నీళ్లు. మా ఆయన క్యారియరు కింద పెట్టి, ఎంతో వినయంగా అడిగారు.

"ఏటి బాబాయి గారూ, మా ఆవిడ గాని ఏడిసిందేటండి?"

ముందు పిన్ని గారికి నవ్వొచ్చింది. తరవాత విజయకి, ఆపుకుందామని చూసింది గాని వల్ల కాలేదు. బాబాయి గారు గోనె వదిలేసి గోడకి చేరబడి, ఆ బోసి మూతితో కళ్లంట నీళ్లొచ్చేలా నవ్వారు. తాత నవ్వడం చూసి చిన్నాగాడు చంక దిగాడు. దగ్గరికొచ్చి గోనెని వేలితో పొడిచి, "నేనూ ఎక్కుతాను" అన్నాడు. ఆ తరవాత ఐదుగురూ ఎక్కారు, దిగారు, కొట్టుకున్నారు, గోల గోల చేశారు. విజయ వెళ్తూ వెళ్తూ నా మొహం చూడకుండానే, "రేపు పొద్దున డ్యూటీ. బేగి తీసుకొత్తాను" అంది.

మర్నాడు మధ్యాహ్నం పిల్లలు ఆడి ఆడి అలిసిపోయి నిద్రపోయారు. పావుగంట కాలేదు, పిన్ని గారు మెట్లు దిగి వచ్చారు. "గోల ఎందుకాపేసేరమ్మా? ఆయన లేచిపోనారు" అన్నారు.

కాబట్టి ఇందుమూలంగా సమస్త ఇంటి ఓనర్ల సమక్షంలో నేను చేసే ప్రమాణం ఏమనగా: ఊపిరున్నంతకాలం ఏ పెద్దమనిషినీ పిల్లలకి బూచిగా చూపించను. ఎవరి నిద్ర గురించీ వాళ్లని అడక్కుండా బెంగ పెట్టుకోను. అన్నిటికన్నా ముఖ్యంగా, మా దగ్గర పిల్లలు ఏడవరని ఎవరికీ మాటివ్వను. ఏడుస్తారండి, గట్టిగానే ఏడుస్తారు. ఒక్కోసారి టీచరు కూడా ఏడుస్తుంది.